విభూది నుండి వెలుగు వరకు: తపస్సు కాలంలో కథోలిక విచారణ

ప్రతి సంవత్సరం ఫిబ్రవరి, మార్చి నెలలలో వచ్చే ఒక బుధవారంనాడు కథోలిక దేవాలయాలలో చిన్న కార్యక్రమమొకటి జరుగుతుంది. పూజకు వచ్చినవారు వరుసగా ముందుకు నడిచి తల వంచి నిలబడతారు. గురువు చిటికెడు బూడిద తీసుకొని వారి నుదుట సిలువ గుర్తు వేస్తాడు. మనిషి మంటినుండి వచ్చినవాడనీ, తిరిగి మంటిలో కలిసిపోయేవాడనీ జ్ఞాపకం చేస్తాడు. లేదా మనసు మార్చుకొని సువార్తను విశ్వసించమని చెబుతాడు. ఉన్నతోద్యోగికీ, వ్యవసాయ కూలీకీ, వృద్ధునికీ, పసివానికీ ఆ బూడిద ఒక్కటే. నిరుడు మ్రానికొమ్మల ఆదివారంనాడు జయజయధ్వానాలతో చేతపట్టి ఊరేగిన కొమ్మలను కాల్చి ఈ బూడిదను తయారుచేస్తారు. నిరుటి ఉత్సాహం ఈ ఏటికి బూడిదగా మిగిలినది. ఆ మిగిలినదానితోనే కొత్త ఆరంభం జరుగుతుంది.

ఆ దినమే విభూది బుధవారం. అది మొదలు ఈస్టరు పండుగ వరకు సాగే దీక్షాకాలాన్ని తెలుగు కథోలికులు తపస్సు కాలం అంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో క్రైస్తవుల సంఖ్య 2 కోట్ల 78 లక్షలు. మొత్తం జనాభాలో 2.3 శాతం. వారిలో కథోలికులది అతి పెద్ద శాఖ. లాటిన్, సీరో-మలబార్, సీరో-మలంకర అనే మూడు ఆచార సంప్రదాయాలకు చెందిన ఈ కథోలికులు అనేక భాషలు మాట్లాడేవారు, అనేక ప్రాంతాలవారు. వారందరినీ ఏటేటా ఒక్క దీక్షలో కలిపే ఈ కాలం స్వభావమేమిటి? నిరీక్షణ, నవీకరణ అనే పెద్ద మాటలు ఒక సాధారణ గ్రామ దేవాలయంలో ఏ రూపం ధరిస్తాయి? ఈ ప్రశ్నలకు సమాధానం తెలిసికొనడం, పొరుగువారి పండుగల వెనుకనున్న ఆలోచనను తెలిసికొనడమే అవుతుంది.

నలభై దినాల లెక్క

క్రీస్తు తన బోధను ప్రారంభించడానికి ముందు నలభై దినాలు అరణ్యంలో ఉపవసించినట్లు సువార్తలు చెబుతున్నాయి. మోషే సీనాయి కొండపై గడిపిన దినాలు, ఏలీయా హోరేబు పర్వతానికి నడిచిన దినాలు కూడా నలభైయే. ఈ సంఖ్య అందువల్ల పరీక్షకు, సన్నాహానికి చిహ్నమైనది. క్రీ.శ. 325లో జరిగిన నైసియా మహాసభ నిర్ణయాలలోనే ఈస్టరుకు ముందు వచ్చే నలభై దినాల ప్రస్తావన కనిపిస్తున్నది.

విభూది బుధవారం నుండి ఈస్టరు ముందటి శనివారం వరకు లెక్కిస్తే నలభై ఆరు దినాలు వస్తాయి. ఆదివారం పునరుత్థానాన్ని స్మరించే దినం గనుక దానిని ఉపవాస దినంగా పరిగణించరు. ఆరు ఆదివారాలను తీసివేయగా మిగిలేవి నలభై. కేరళలోని సీరో-మలబార్ సంప్రదాయంలో లెక్క వేరు. అక్కడ దీక్ష బుధవారంనాడు కాక సోమవారంనాడే మొదలై, ఆదివారాలతో కలుపుకొని యాభై దినాలు సాగుతుంది.

ఈస్టరు తేదీ చంద్రగమనంపై ఆధారపడి ఉంటుంది. మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చే పౌర్ణమి దాటిన తొలి ఆదివారమే ఈస్టరు. చర్చి పట్టికలను అనుసరించి అది మార్చి 22కు, ఏప్రిల్ 25కు మధ్య వస్తుంది. తెలుగువారి ఉగాది తరచు ఈ దీక్షాకాలంలోనే వస్తుంది. కొన్ని సంవత్సరాలలో రంజాన్ మాసం కూడా దీనితో కలిసివస్తుంది. 2025లో మన దేశంలో రంజాన్ ఉపవాసాలు, తపస్సు కాలం రెండూ మార్చి మొదటివారంలోనే ఆరంభమైనాయి. ఒకే వీధిలో ఒక ఇంట తెల్లవారకముందే సహరీకి దీపం వెలిగితే, మరొక ఇంట శుక్రవారం మాంసాహారం మానివేయడం ఆ నెలలో సాధారణ దృశ్యం.

పేర్లలో కనిపించే దేశం

ఈ కాలానికి భారతీయ భాషలు పెట్టుకొన్న పేర్లను ఒకచోట చేర్చి చూడడం ఆసక్తికరం. తమిళులు దీనిని తవక్కాలం అంటారు. తెలుగులో తపస్సు కాలం. హిందీ ప్రాంతాల కథోలికులకు ఇది చాలీసా. నలభై చరణాల స్తోత్రానికి హిందీవారు వాడే మాటనే వీరు నలభై దినాల దీక్షకు వాడుకొన్నారు. మలయాళంలో దీనిపేరు నోయంబు, వాడుకలో నోంబు. మన నోము అనే మాటకు ఇది దగ్గరి చుట్టం. గోవాలో కొంకణి మాట్లాడేవారు కరేజ్మ్ అంటారు. నలభై సంఖ్యకు సంబంధించిన పోర్చుగీసు మాటనుండి అది వచ్చినది. బుధవారంనాటి బూడిదను హిందీవారు రాఖ్ అన్నారు. తెలుగువారు విభూది అన్నారు, తమిళులు తిరునీరు అన్నారు. ఈ రెండు మాటలూ శైవుల నుదుటినుండి వచ్చినవి.

ఇది పైపై అలంకారం కాదు. ఒక జాతి తనకు తెలిసిన మాటలతోనే కొత్త విషయాన్ని అర్థం చేసుకొంటుంది. తపస్సు అనగానే తెలుగువానికి కోరికలను అదుపులో పెట్టడం, ఒక లక్ష్యం కోసం శరీరాన్ని శ్రమపెట్టడం స్ఫురిస్తాయి. నోము అనగానే ఇల్లాలి నియమం, కుటుంబ క్షేమం స్ఫురిస్తాయి. భాషలు వేరయినా వాటి వెనుకనున్న వ్రతసంస్కారం ఈ దేశంలో అందరికీ ఉమ్మడి సొత్తు. 1606లో మధురకు వచ్చి తమిళ, సంస్కృతాలతో పాటు తెలుగును కూడా అభ్యసించిన ఇటలీ దేశస్థుడు రాబర్ట్ డి నోబిలి కాలంనుండి ఈ పదాల అన్వేషణ సాగుతూనే ఉన్నది. రెండవ వాటికన్ మహాసభ పూజావిధులలో దేశభాషలకు స్థానం కల్పించిన పిమ్మట అది వేగం పుంజుకొన్నది. 1967లో బెంగుళూరులో డి. ఎస్. అమలోర్పవదాస్ నేతృత్వాన జాతీయ స్థాయి కేంద్రమొకటి ఏర్పడినది. 1969 ఏప్రిల్‌లో రోము అనుమతించిన పన్నెండు అంశాల మేరకు అంజలి ఘటించడం, పాదరక్షలు విడిచి నేలపై కూర్చుండడం, హారతి ఇవ్వడం వంటివి పూజలో చోటుచేసుకొన్నాయి.

విచారణ అనే మాట

ఒక గురువు ఆధ్వర్యంలో ఉండే కథోలిక విశ్వాసుల సమాజానికి ఇంగ్లీషులో పారిష్ అని పేరు. తెలుగు కథోలికులు దానిని విచారణ అంటారు. దాని బాధ్యత వహించే గురువు విచారణకర్త. 1983లో వెలువడిన చర్చి ధర్మశాసన సంహిత విచారణను ప్రధానంగా విశ్వాసుల సమాజంగానే నిర్వచించినది. కట్టడం, ఎల్లలు ఆ తరువాతివి.

తెలుగులో విచారించడం అంటే కనుక్కోవడం, యోగక్షేమాలు అడిగి తెలిసికొనడం. న్యాయస్థానంలో జరిగేదీ విచారణయే. అక్కడ ఆ మాటకు నిజం నిగ్గుతేల్చడమని అర్థం. తపస్సు కాలంలో ఒక విచారణ చేయవలసిన పనులు ఈ రెండు అర్థాలలోనూ ఇమిడి ఉన్నాయి. ఎవరి ఇంట పొయ్యి వెలగలేదో, ఎవరు మంచంపట్టారో, ఎవరితో ఎవరు మాటలు మానివేశారో కనుక్కోవడం మొదటిది. తనలోని తప్పును తానే నిలదీసి అడగడం రెండవది.

ఈ కాలంలో వ్యక్తి మాత్రమే కాక సమాజం మొత్తం దీక్షలో ఉండాలన్న భావన ప్రాచీనమైనది. తొలి శతాబ్దాలలో ఈస్టరు రాత్రి జ్ఞానస్నానం పొందబోయే కొత్తవారు ఈ నలభై దినాలు శిక్షణ పొందేవారు. ఘోరమైన తప్పులు చేసి సంఘానికి దూరమైనవారు మళ్లీ చేరడానికి ఈ కాలంలోనే ప్రాయశ్చిత్తం చేసుకొనేవారు. వారికి తోడుగా మిగిలినవారూ ఉపవసించేవారు. కాలక్రమాన ఈ ఉమ్మడి స్వభావం సన్నగిల్లి, దీక్ష ఎవరికి వారు పాటించుకొనే నియమంగా మారినది. 1963 డిసెంబర్ 4న రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన ఆరాధన విధానపత్రం దీనిని సరిదిద్దింది. ప్రాయశ్చిత్తం అంతరంగికం, వ్యక్తిగతం మాత్రమే అయితే చాలదనీ, అది బాహ్యంగానూ సామాజికంగానూ ఉండాలనీ ఆ పత్రం స్పష్టం చేసినది.

మూడు నియమాలు

ప్రార్థన, ఉపవాసం, దానం ఈ దీక్షకు మూడు కాళ్లు. శుక్రవారాలలో విచారణవారందరూ కలిసి సిలువ మార్గం చేస్తారు. క్రీస్తు మరణదండన మొదలు సమాధి వరకు గల పద్నాలుగు ఘట్టాల ఎదుట ఆగి ధ్యానించడం దీని పద్ధతి. పూజలో ఊదారంగు వస్త్రాలు వాడతారు. అల్లెలూయా గానం మానివేస్తారు. పీఠంపై పువ్వుల అలంకరణ ఉండదు.

ఉపవాస నియమాలను పోపు ఆరవ పాలు 1966 ఫిబ్రవరి 17న సవరించారు. ఇప్పుడు విధిగా ఉపవసించవలసిన దినాలు విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం మాత్రమే. పద్దెనిమిది నిండినది మొదలు యాభై తొమ్మిది నిండేవరకు ఈ నియమం వర్తిస్తుంది. ఆ దినాలలో ఒక పూట మాత్రమే కడుపునిండా భోజనం చేస్తారు. పద్నాలుగు నిండినవారు శుక్రవారాలలో మాంసం మానివేస్తారు. నియమాలు సడలిన మాట నిజమే. దేశకాల పరిస్థితులను బట్టి ఉపవాసానికి బదులు పరోపకార కార్యాలను నిర్దేశించే స్వేచ్ఛను ఆయా దేశాల పీఠాధిపతులకు ఇచ్చారు. అంటే తిండి మానడంకన్నా, మానిన తిండి ఎక్కడికి పోయినదనేది ముఖ్యమైనది.

విభూది బుధవారంనాడు, తరువాతి శుక్రవారంనాడు దేవాలయంలో చదివే పాఠాలు ఈ సంగతినే నొక్కిచెబుతాయి. దానం చేసేటప్పుడు బూరలు ఊదించుకోరాదని, ఉపవసించేటప్పుడు ముఖం వాడవేసుకొని తిరుగరాదని బుధవారంనాటి సువార్త సారాంశం. శుక్రవారంనాడు చదివే యెషయా ప్రవక్త పాఠం మరికొంత కఠినమైనది. ఒకవైపు ఉపవసిస్తూ మరొకవైపు పనివారిని పీడించేవారిని ఆ ప్రవక్త నిలదీస్తాడు. అన్యాయపు కట్లు విప్పడం, ఆకలిగొన్నవానితో అన్నం పంచుకొనడం, దిక్కులేనివానికి ఇంట చోటివ్వడం, ఇదే దైవం కోరే ఉపవాసమంటాడు.

భారతదేశంలో ఈ భావనకు సంస్థాగతమైన రూపం కూడా ఉన్నది. కథోలిక పీఠాధిపతుల సమాఖ్యకు చెందిన సేవాసంస్థ కారితాస్ ఇండియా 1962లో ఏర్పడినది. ఏటా తపస్సు కాలంలో ఆకలికి, వ్యాధికి వ్యతిరేకంగా దేశవ్యాప్తంగా అది ఉద్యమం నిర్వహిస్తున్నది. విచారణలలో పోగయిన కానుకలు మతభేదం లేకుండా అభివృద్ధి, సహాయ కార్యక్రమాలకు వినియోగమవుతాయి. ఒక ఇంట మానివేసిన శుక్రవారపు కూర ఖర్చు మరొక రాష్ట్రంలో మరొకరి మందు సీసా కావచ్చును.

నిరీక్షణ, మారుమనస్సు

ఇంగ్లీషులో హోప్ అనే మాటకు హిందీ బైబిలులో ఆశా అని ఉంటుంది. తెలుగు బైబిలు నిరీక్షణ అనే మాటను ఎన్నుకొన్నది. ఈ ఎంపిక గమనించదగినది. ఆశ అనేది కోరికకు దగ్గర. పేరాశ, దురాశ, అడియాస దాని బంధువర్గమే. నిరీక్షణలో ఎదురుచూపు ఉన్నది, ఓపిక ఉన్నది, కనులు తెరిచి ఉంచడం ఉన్నది. వాన వస్తుందని కూర్చొని కలలు కనడం ఆశ కావచ్చును. మబ్బు పట్టకముందే దుక్కిదున్ని విత్తనం సిద్ధంచేసి ఆకాశంవైపు చూసే రైతు మనఃస్థితి నిరీక్షణ.

పశ్చాత్తాపానికి తెలుగు క్రైస్తవులు వాడే మారుమనస్సు కూడా ఇటువంటిదే. హిందీలో మన్ ఫిరావ్ అని ఉన్నది. మనసును మరొకవైపుకు తిప్పడమని అర్థం. చేసిన తప్పుకు ఏడవడం ఇందులో ఒక భాగం మాత్రమే. దారి మార్చి నడవడం అసలు భాగం. నవీకరణ అనే మాటను ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి. పాతగోడకు సున్నం వేయడాన్ని నవీకరణగా ఈ కాలం అంగీకరించదు.

ఇటీవలి కాలంలో నిరీక్షణ అంశం ప్రపంచవ్యాప్తంగా చర్చకు వచ్చినది. నిరీక్షణ నిరాశపరచదనే భావం గల శీర్షికతో పోపు ఫ్రాన్సిస్ 2024 మే 9న ఒక ప్రకటన వెలువరించి, 2025ను జూబిలీ సంవత్సరంగా ప్రకటించారు. ఆ యేటి తపస్సు కాల సందేశంలో, నిరీక్షణతో కలిసి నడుద్దామని పిలుపునిచ్చారు. ఒక వలస మనిషి జీవితం ప్రక్కన తమ దైనందిన జీవితాన్ని నిలిపి పోల్చి చూసుకొనడం మంచి దీక్ష కాగలదని ఆయన సూచించారు. ఆ తపస్సు కాలం ముగిసి ఈస్టరు గడచిన మరునాడే, 2025 ఏప్రిల్ 21న, ఆయన కన్నుమూశారు. ఆయన ప్రారంభించిన జూబిలీని తరువాత ఎన్నికయిన పోపు పదునాల్గవ లియో 2026 జనవరి 6న ముగించారు. ప్రారంభించినవారు లేకున్నా నడక ఆగలేదు.

ఇంటిలో విరిచే రొట్టె

కలిసి నడవడమంటే ఏమిటో కేరళలోని సిరియన్ క్రైస్తవుల ఇండ్లలో పవిత్ర గురువారం రాత్రి కనిపిస్తుంది. ఆ దినాన్ని వారు పెసహా అంటారు. బియ్యప్పిండి, మినప్పప్పు, కొబ్బరి కలిపి పులియబెట్టకుండా అప్పం తయారుచేస్తారు. దానిపై మ్రానికొమ్మల ఆదివారంనాటి ఆకుతో సిలువ గుర్తు ఉంచుతారు. బెల్లం, కొబ్బరిపాలతో పాకం వంటి పెసహా పాలు కాస్తారు. ప్రార్థన ముగిసిన తరువాత ఇంటిపెద్ద ఆ అప్పాన్ని విరిచి, వయసులో పెద్దవారు మొదలుకొని చిన్నవారి వరకు అందరికీ పంచుతాడు. యూదుల పాస్కా భోజనాన్ని తలపించే ఈ ఆచారం, కేరళ వంటింటి సరుకులతో ఆ నేలకు చెందినదైనది.

ఇందులో ఒక నియమం ఉన్నది. ఆ సంవత్సరంలో మరణం సంభవించిన ఇంట అప్పం చేయరు. పొరుగువారు, బంధువులు తమ ఇంట చేసినదానిలోనుండి ఒక భాగాన్ని ఆ ఇంటికి తీసుకుపోతారు. దుఃఖంలో ఉన్న ఇంటివారిని ఎవరూ వెంటనే పండుగ చేసుకొమ్మని బలవంతపెట్టరు. పండుగనుండి వారిని వెలివేయరు. వారి వంతు పొరుగింట సిద్ధమవుతుంది. ఒకరికి శక్తి లేని సమయంలో వారి నిరీక్షణను మరొకరు మోయడమనే భావానికి ఇంతకంటె సరళమైన రూపం కనిపించదు.

2020లో ఈ గృహాచారం మరొక విధంగా ఉపకరించినది. మార్చి 25న దేశవ్యాప్తంగా లాక్‌డౌన్ ఆరంభమైనది. ఆ యేడు ఈస్టరు ఏప్రిల్ 12న వచ్చినది. తపస్సు కాలం నడుమ దేవాలయాల తలుపులు మూతపడ్డాయి. మ్రానికొమ్మల ఊరేగింపులు జరుగలేదు. పవిత్ర గురువారంనాటి పాద ప్రక్షాళనను ఆ యేటికి విడిచిపెట్టవలసినదిగా రోమునుండి ఉత్తర్వు వచ్చినది. విశ్వాసులు టెలివిజను ఎదుట, ఇంటి దీపం ఎదుట ప్రార్థించుకొన్నారు. కట్టడం లేకుండా విచారణ ఉండగలదా అనే ప్రశ్నకు ఆ సంవత్సరం అనుభవమే సమాధానమైనది. పొరుగువాని క్షేమం కనుక్కొన్నచోట అది ఉన్నది. కనుక్కోనిచోట తలుపులు తెరిచాక కూడా లేదు.

గోడ కూలిన తరువాత

తనను తాను నిలదీసుకొనడం దీక్షలో కష్టమైన భాగమని ముందే చెప్పుకొన్నాము. భారతీయ కథోలిక సమాజం ఎదుట అటువంటి ప్రశ్న ఒకటి చిరకాలంగా ఉన్నది. అది కులం.

తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లాలో వడక్కన్‌కుళం అనే గ్రామమున్నది. 2022 మే 15న పునీతునిగా ప్రకటితుడైన దేవసహాయం పిళ్ళై 1745లో జ్ఞానస్నానం పొందినది ఆ గ్రామంలోనే. అన్ని కులాలవారితో సమానంగా మెలిగినందుకు జనం నేటికీ ఆయనను తలచుకొంటారు. అదే గ్రామంలో 19వ శతాబ్దపు చివరి భాగంలో నిర్మించిన దేవాలయానికి రెండు వేర్వేరు బారులు ఉండేవి. రెండు కులాలవారు ఒకే పీఠంవైపు చూస్తూ, ఒకరినొకరు చూడకుండా పూజలో పాల్గొనే ఏర్పాటు అది. 1910లో ఆ అడ్డును తొలగించారు. తొలగింపును వ్యతిరేకించినవారు కోర్టుకెక్కారు. మద్రాసు హైకోర్టు వారి వాదనను అంగీకరించలేదు.

అయితే రాతిగోడ పోయినంత సులువుగా మనసులోని గోడ పోలేదు. భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబర్‌లో దళిత సాధికారతపై ఒక విధానపత్రాన్ని ప్రకటించినది. కథోలికులలో దళితులే అధిక సంఖ్యాకులనీ, అయినా చర్చిలో వారిపట్ల వివక్ష ఇంకా ఉన్నదనీ ఆ పత్రం ఒప్పుకొన్నది. ఒక సంస్థ తన తప్పును తానే కాగితంపై పెట్టడం ప్రాయశ్చిత్తంలో తొలి మెట్టు. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంథోని కార్డినల్ అయినారు. ఆ హోదా పొందిన తొలి తెలుగువారు, తొలి దళితుడు ఆయనే. ఇది చరిత్రాత్మకం. అయినా ఒక పదవితో ప్రతి గ్రామపు శ్మశానవాటిక అందరిదీ కాజాలదు. ఆ పని ప్రతి విచారణలోనూ విడివిడిగా జరుగవలసినదే.

పవిత్ర గురువారంనాటి పాద ప్రక్షాళన ఈ సందర్భంలో ప్రత్యేకార్థం సంతరించుకొంటుంది. క్రీస్తు తన శిష్యుల పాదాలు కడిగిన సంఘటనకు గుర్తుగా గురువు పన్నెండు మంది పాదాలు కడుగుతాడు. ఈ దేశంలో కాళ్లు కడగడం ఎవరు ఎవరికి చేస్తారన్నది కొత్తగా చెప్పనక్కరలేదు. కన్యాదాత వరునికి, శిష్యుడు గురువుకు, క్రిందివాడు పైవానికి కడుగుతాడు. ఆ వరుసను ఒక్క రాత్రికి తలక్రిందులు చేసే కార్యక్రమమిది. 2016 జనవరిలో రోము వెలువరించిన నిర్ణయంతో లాటిన్ సంప్రదాయంలో స్త్రీల పాదాలు కడగడానికి కూడా అనుమతి లభించినది. ఎవరి పాదాలను ఎన్నుకొంటారనేది ఆ విచారణ తనను తాను ఎంతవరకు విచారించుకొన్నదో తెలుపుతుంది.

నెగొంబో పాఠం

నిరీక్షణకు అతి కఠినమైన పరీక్ష పొరుగుదేశమైన శ్రీలంకలో ఎదురైనది. 2019 ఏప్రిల్ 21 ఈస్టరు ఆదివారం. నలభై దినాల దీక్ష ముగించుకొని ప్రజలు పండుగ పూజలో ఉన్న వేళ, కొలంబోలోని కొచ్చికడె పునీత అంథోనివారి దేవాలయంలో, నెగొంబో సమీపాన కటువపిటియలోని పునీత సెబస్తియానువారి దేవాలయంలో, బట్టికలోవాలోని ఒక ప్రొటెస్టంటు చర్చిలో, కొన్ని హోటళ్లలో ఆత్మాహుతి దాడులు జరిగాయి. మొత్తం 260 మందికి పైగా మరణించారు. కటువపిటియ విచారణ ఒక్కటే వందమందికి పైగా పోగొట్టుకొన్నది.

తరువాతి ఆదివారం దేవాలయాలు మూసియే ఉన్నాయి. పూజను టెలివిజనులో ప్రసారం చేశారు. మే నెలలో కొన్ని చోట్ల ముస్లిముల ఇండ్లపై, దుకాణాలపై దాడులు జరిగినప్పుడు కొలంబో అగ్రపీఠాధిపతి కార్డినల్ మాల్కం రంజిత్ సంయమనం పాటించవలసినదిగా తమవారిని కోరారు. కొచ్చికడె దేవాలయాన్ని నౌకాదళం సహాయంతో పునరుద్ధరించి జూన్ 12న తిరిగి ప్రతిష్ఠించారు. హిందువులు, బౌద్ధులు కూడా మొక్కుకొనే ఆ దేవాలయం తలుపులు మళ్లీ అందరికీ తెరుచుకొన్నాయి. కటువపిటియ దేవాలయం జూలైలో తెరుచుకొన్నది. దాడిలో రక్తపు చుక్కలు పడిన పునరుత్థాన క్రీస్తు విగ్రహాన్ని వారు కడిగివేయలేదు. అద్దాల పెట్టెలో అలాగే భద్రపరచి ఉంచారు.

ఆ విగ్రహం ఎదుట నిలిచే కుటుంబాలు కోరినవి రెండు. పోయినవారిని మరచిపోరాదన్నది ఒకటి. నిజం తేలాలన్నది రెండవది. ముందస్తు హెచ్చరికలు అందినా దాడులను నివారించలేదని 2023 జనవరి 12న శ్రీలంక సుప్రీంకోర్టు తీర్పునిచ్చి, మాజీ అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేన పది కోట్ల రూపాయల నష్టపరిహారం చెల్లించాలని ఆదేశించినది. క్షమ అంటే విచారణ మానుకొనడం కాదని ఆ కుటుంబాలు చూపించాయి. పగ తీర్చుకొనకుండా, ప్రశ్నించడమూ మానకుండా సంవత్సరాల తరబడి నిలబడటం నిరీక్షణకు మరొక పేరు.

జాగరణ రాత్రి

తపస్సు కాలం చివర వచ్చే పవిత్ర శుక్రవారంనాడు కథోలిక దేవాలయాలలో పూజ జరుగదు. క్రీస్తు శ్రమల వృత్తాంతం చదివి, సిలువను ముద్దుపెట్టుకొని, జనం మౌనంగా వెడలిపోతారు. శనివారం పగలంతా పీఠం బోసిగా ఉంటుంది. ఆ రాత్రి జరిగేది పాస్కా జాగరణ. దీపాలన్నీ ఆర్పివేస్తారు. దేవాలయం వెలుపల కొత్త నిప్పు రాజేసి, దానితో ఒక పెద్ద కొవ్వొత్తిని వెలిగిస్తారు. ఆ యేటి సంవత్సరపు అంకెలు ఆ కొవ్వొత్తిపై చెక్కబడి ఉంటాయి. చీకటిలో దానిని లోపలికి తెస్తారు. దానినుండి ఒకరు, వారినుండి ప్రక్కవారు తమ చిన్న కొవ్వొత్తులను వెలిగించుకొంటారు.

తరువాత కొత్తవారికి జ్ఞానస్నానమిస్తారు. మిగిలినవారు తమ జ్ఞానస్నాన ప్రమాణాలను మళ్లీ పలుకుతారు. చెడును విడిచిపెడుతున్నారా అని గురువు అడుగుతాడు. విడిచిపెడుతున్నామని అందరూ ఒక్క గొంతుతో చెబుతారు. నలభై దినాల క్రితం నుదుట బూడిదతో ఒక్కొక్కరుగా వెళ్లినవారు, ఈ రాత్రి చేత దీపంతో ఒక సమాజంగా నిలబడతారు. నలభై దినాలలో ఎవరి ఇంటికీ వెళ్లి యోగక్షేమాలు అడగనివారికి కూడా ఆ దీపం చేతికి వస్తుంది. ప్రక్కవానినుండి దానిని అందుకొనేటప్పుడు వాని ముఖం కనిపిస్తుంది. అంతవరకు పలుకరించని ఆ మనిషిని మరునాడు ఉదయం పలుకరిస్తే, ఆ విచారణలో తపస్సు కాలం ఫలించినట్లే.